ఫలితం చూడకముందే రాసి పెట్టడం: మనోవిజ్ఞాన పరిశోధనలో పారదర్శకత

ఒక పెన్ను తీసుకుని పళ్ళ మధ్య అడ్డంగా కాకుండా నిలువుగా, కొస బయటికి వచ్చేలా పట్టుకోండి. పెదవులు పెన్నుకు తగలకూడదు. ఇప్పుడు మీ ముఖ కండరాలు దాదాపు నవ్వుతున్నట్టుగా సాగుతాయి. అదే పెన్నును పళ్ళు తగలకుండా పెదవులతో మాత్రమే పట్టుకోండి. ఈసారి నవ్వడానికి వీలుండదు. ఈ రెండు స్థితులలో మనుషులకు కార్టూన్లు చూపించి, ఎంత నవ్వు వచ్చిందో సున్నా నుంచి తొమ్మిది వరకు అంకె వేయమంటే ఏమవుతుంది? 1988లో ఫ్రిట్జ్ స్ట్రాక్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగంలో పళ్ళతో పట్టుకున్నవారి సగటు 5.14, పెదవులతో పట్టుకున్నవారి సగటు 4.32 వచ్చింది. ఉద్వేగం వల్ల ముఖకవళిక మారడమే కాదు, ముఖకవళిక వల్ల కూడా ఉద్వేగం మారుతుంది అన్న సిద్ధాంతానికి ఇది చక్కని నిదర్శనమైంది. పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది. తరగతి గదులలో అధ్యాపకులు ఎంతో ఇష్టంగా చెప్పే ఉదాహరణగా మారింది.

2016లో 17 ప్రయోగశాలలు ఒకే పద్ధతిని ముందుగా నిర్ణయించుకుని ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేశాయి. మొత్తం 1,894 మంది ప్రయోజ్యుల ఫలితాలను కలిపి చూస్తే రెండు స్థితుల మధ్య తేడా 0.03. అంటే లేనట్టే. ప్రయోజ్యులను ఈసారి కెమెరాతో చిత్రీకరించారు కనుక, తమను ఎవరో గమనిస్తున్నారన్న భావనే ఫలితాన్ని మార్చి ఉండవచ్చునని స్ట్రాక్ అభ్యంతరం చెప్పారు. ఆ తరువాత సిద్ధాంతాన్ని నమ్మేవారు, సందేహించేవారు కలిసి కూర్చుని 19 దేశాలలో 3,878 మందితో మరో అధ్యయనం చేసి 2022లో ప్రచురించారు. నవ్వుతున్న ముఖాన్ని అనుకరించినప్పుడు, కావాలని ముఖ కండరాలను నవ్వులోకి కదిపినప్పుడు సంతోషం కొద్దిగా పెరిగినట్టు తేలింది. పెన్ను పద్ధతి విషయంలో మాత్రం ఏమీ తేలలేదు. చూశారా, సిద్ధాంతం పూర్తిగా కూలిపోలేదు. దానికి నిదర్శనంగా మనం తరతరాలుగా చెప్పుకున్న ప్రయోగమే నిలబడలేదు.

ఏ ప్రయోగాలు నిలిచాయి, ఏవి నిలవలేదు అన్న జాబితా ఇవ్వడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. పుస్తకంలో ఒక్క వాక్యంగా కనిపించే ప్రతి ఫలితం వెనుక పరిశోధకుడు తీసుకున్న నిర్ణయాలు పదులకొద్దీ ఉంటాయి. వాటిలో ఏవి ఫలితం చూడకముందు తీసుకున్నవి, ఏవి చూసిన తరువాత తీసుకున్నవి అన్న సంగతి చదివేవారికి తెలియాలి. అది తెలియకపోతే ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పే మార్గమే లేదు. బహిరంగ విజ్ఞానం, అంటే ఓపెన్ సైన్స్ అన్న పేరుతో గత పదిహేనేళ్ళుగా మనోవిజ్ఞాన శాస్త్రంలో వచ్చిన మార్పులన్నీ ఈ ఒక్క అవసరం నుంచే పుట్టాయి.

నూటికి ఐదు అంటే ఏమిటి?

సాంఖ్యకశాస్త్రం చదివిన వారికి పి-విలువ కొత్త కాదు. చదవని వారి కోసం రెండు మాటలు. ఒకే తరగతి పిల్లలను చీట్లు తీసి రెండు జట్లుగా విడదీసి, ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టండి. రెండు జట్ల సగటు మార్కులు సరిగ్గా సమానంగా ఎప్పుడూ రావు. కొంత తేడా యాదృచ్ఛికంగా వస్తుంది. నిజానికి ఏ ప్రభావమూ లేకపోయినా, మనకు కనిపించినంత తేడా గాని, అంతకంటే ఎక్కువ తేడా గాని వచ్చే సంభావ్యత ఎంత అన్నదే పి-విలువ. అది 5 శాతం కంటే తక్కువైతే ఫలితం సార్థకమైనదని అనడం మన శాస్త్రంలో ఆనవాయితీ. అంటే అసలు ప్రభావమే లేని చోట కూడా నూటికి ఐదుసార్లు పొరపాటున 'ఉంది' అంటాం. ఆ మాత్రం పొరపాటుకు మనం ముందే ఒప్పుకున్నాం.

కాని ఈ ఒప్పందం ఒకే ఒక్క పరీక్షకు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఒక్కటైనా 'సార్థకం' అని వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్నే వ్యాసంలో రాసి, మిగతా పందొమ్మిదింటిని రాయకపోతే, చదివేవారు నూటికి ఐదు అనుకుంటారు. అసలు సంగతి నూటికి అరవై నాలుగు.

దీన్ని అందరికీ కళ్ళకు కట్టినట్టు చూపించినవారు జోసెఫ్ సిమ్మన్స్, లీఫ్ నెల్సన్, ఉరి సైమన్సన్. 2011లో వారు ప్రచురించిన వ్యాసంలో ఒక వింత ప్రయోగం ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 20 మంది విద్యార్థులకు పాటలు వినిపించారు. బీటిల్స్ బృందం పాడిన 'వెన్ ఐయామ్ సిక్స్టీ ఫోర్' అనే పాట విన్నవారు, మరో వాద్య సంగీతం విన్నవారికంటే దాదాపు ఏడాదిన్నర చిన్నవారైపోయారు. చిన్నవారమైనట్టు అనుకోవడం కాదు, పుట్టిన తేదీ ప్రకారమే చిన్నవారు! పి-విలువ 0.040. సార్థకమే. పాట వింటే వయసు తగ్గదని వేరే చెప్పక్కరలేదు. మరి ఎలా వచ్చింది? వారు ఒక్క అంకె కూడా కల్పించలేదు. చాలా విషయాలు కొలిచారు గాని కొన్నే చెప్పారు. మూడో పాట కూడా వినిపించారు, దాన్ని వదిలేశారు. లెక్కలో తండ్రి వయసును సర్దుబాటు అంశంగా చేర్చారు. ఎంతమందిని తీసుకోవాలో ముందు నిర్ణయించుకోకుండా, పదేసి మంది పూర్తయినప్పుడల్లా లెక్క చూసుకుని, ఫలితం రాగానే ఆపేశారు. ఇవన్నీ ఆనాటి ప్రయోగశాలలలో ఎవరూ తప్పుగా భావించని పనులే. ఇలాంటి నాలుగు వెసులుబాట్లను కలిపి వాడితే 5 శాతం ఉండవలసిన పొరపాటు 60.7 శాతానికి చేరుతుందని వారు కంప్యూటర్ లెక్కలతో చూపించారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అదే 2011లో నెదర్లాండ్స్‌లో డీడరిక్ స్టాపెల్ అనే ఆచార్యుడు ఏళ్ళ తరబడి దత్తాంశాలను సొంతంగా కల్పించినట్టు బయటపడింది. ఆయన వ్యాసాలు 58 ఉపసంహరించారు. పత్రికలు ఆ కథనే ఎక్కువగా రాశాయి. నా దృష్టిలో శాస్త్రానికి ఎక్కువ నష్టం చేసింది అలాంటి మోసం కాదు. నిజాయితీపరులైన పరిశోధకులు, తమకే తెలియకుండా, లెక్కలను పిండి ఫలితం రాబట్టడం. దానికి పి-హ్యాకింగ్ అని పేరు వచ్చింది.

జోస్యుడి గోడ

మన ఊళ్ళలో చెప్పుకునే జోస్యుడి కథ మీలో చాలామంది వినే ఉంటారు. కడుపుతో ఉన్న కోడలిని చూపించి, పుట్టేది ఎవరని అత్తగారు అడుగుతుంది. 'మగపిల్లవాడే' అంటాడు జోస్యుడు. వెళ్తూ వెళ్తూ, ఎవరూ చూడకుండా తలుపు వెనుక గోడ మీద బొగ్గుతో 'ఆడపిల్ల' అని రాసి పోతాడు. మగపిల్లవాడు పుడితే మాట నిజమైనట్టే; సంభావన అందుతుంది. ఆడపిల్ల పుట్టి ఇంటివారు నిలదీస్తే, 'తలుపు వెనుక చూడండి, మీరు బాధపడతారని అప్పుడు పైకి చెప్పలేదు' అంటాడు.

ఈ జోస్యుడు ముందుగానే రాశాడు. అయినా ఆయన జోస్యానికి విలువ లేదు. రెండు చోట్ల రెండు మాటలు పెట్టుకుని, ఏది బయటికి తీయాలన్నది బిడ్డ పుట్టాక తేల్చుకున్నాడు. పరిశోధనలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. దత్తాంశాలలో అనుకోకుండా కనిపించిన సంబంధాన్ని, మొదటి నుంచీ అదే మా పరికల్పన అన్నట్టు వ్యాసం ముందు భాగంలో రాయడం. నార్బర్ట్ కెర్ 1998లో దీనికి హార్కింగ్ అని పేరు పెట్టారు. అనుకోకుండా కనిపించినదాన్ని రాయడం తప్పు కాదు. ఎన్నో మంచి ఆవిష్కరణలు అలాగే మొదలయ్యాయి. అది అనుకోకుండా కనిపించిందని చెప్పకపోవడమే తప్పు. ఎందుకంటే ఒక ఊహను పుట్టించిన దత్తాంశాలే ఆ ఊహను పరీక్షించలేవు.

ముందస్తు నమోదు అనేది ఈ జోస్యుడిని కట్టడి చేసే ఏర్పాటు. మొదటి ప్రయోజ్యుడు రాకముందే పరికల్పన ఏమిటి, ఎంతమందిని తీసుకుంటాం, దేన్ని కొలుస్తాం, ఎవరి సమాధానాలను ఏ కారణంతో తీసివేస్తాం, ఏ పరీక్షతో లెక్క చూస్తాం అన్న వివరాలు రాసి, తేదీ వేసి, తరువాత చెరపడానికి వీలులేని చోట పెడతారు. 2013లో బ్రయన్ నోసెక్, జెఫ్రీ స్పీస్ అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో నెలకొల్పిన సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ ఇందుకు ఉచితంగా వేదిక కల్పించింది. నమోదు చేశాక మనసు మార్చుకోకూడదా అని విద్యార్థులు తరచు అడుగుతారు. మార్చుకోవచ్చు. మార్చినట్టు, ఎందుకు మార్చామో వ్యాసంలో చెబితే చాలు. ఇది సంకెల కాదు, డైరీ.

సొరుగులో ఉండిపోయినవి

ఇప్పటివరకు ఒక్క పరిశోధకుడి గదిలో జరిగేది చూశాం. ఇక శాస్త్రం మొత్తం మీద జరిగేది చూద్దాం. 1959లో థియొడోర్ స్టెర్లింగ్ నాలుగు మనోవిజ్ఞాన పత్రికలను పరిశీలించారు. సార్థకత పరీక్షలు వాడిన 294 వ్యాసాలలో 286, అంటే నూటికి 97 శూన్య పరికల్పనను తిరస్కరించాయి. మనుషుల మనసు గురించి మన ఊహలు నూటికి తొంభై ఏడుసార్లు నిజమవుతాయని నమ్మగలరా? నిజం కాని ఊహలు ఎక్కడికి పోయాయి? 1979లో రాబర్ట్ రోజెంతాల్ దానికి సొరుగు సమస్య అని పేరు పెట్టారు. ఫలితం రాని అధ్యయనాలు పరిశోధకుల బల్ల సొరుగులలో ఉండిపోతాయి. పత్రికలు వేయవు, వేయరని తెలిసి రాసేవారు పంపరు.

ఇది పండితుల మధ్య వివాదంగా మాత్రమే మిగిలితే బాధ లేదు. 2008లో ఎరిక్ టర్నర్, ఆయన సహచరులు చేసిన పని చూడండి. అమెరికాలో మందులకు అనుమతినిచ్చే ప్రభుత్వ సంస్థ వద్ద, కుంగుబాటు వ్యాధికి వాడే 12 మందుల మీద జరిగిన 74 అధ్యయనాల పూర్తి వివరాలు ఉన్నాయి. మొత్తం 12,564 మంది రోగులు. ఆ సంస్థ అంచనా ప్రకారం 38 అధ్యయనాలలో మందు పనిచేసినట్టు తేలింది. 36 అధ్యయనాలలో పనిచేయలేదు, లేదా సందేహాస్పదం. ఇప్పుడు పరిశోధనా పత్రికలలో వెతికారు. అనుకూలమైన 38లో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో 22 అచ్చే కాలేదు. 11 అచ్చయ్యాయి గాని మందు పనిచేసిందన్న ధోరణిలో రాశారు. ఉన్నది ఉన్నట్టు అచ్చయినవి మూడే మూడు. పత్రికలు చదివే వైద్యుడికి నూటికి 94 అధ్యయనాలు అనుకూలమని కనిపిస్తాయి. అసలు సంఖ్య 51. ఈ మందులు పనికిరావని దీని అర్థం కాదు. వాటి బలం ఎంతో చెప్పే త్రాసు ఒక పక్కకు వంగి ఉందని అర్థం. కుంగుబాటుతో వచ్చిన రోగికి ఏ మందు ఇవ్వాలో ఆలోచించే వైద్యుడు ఆ త్రాసునే చూస్తున్నాడు.

టర్నర్ ఈ సంగతి ఎలా కనిపెట్టగలిగారు? మందుల అధ్యయనాలను మొదలుపెట్టకముందే ప్రభుత్వానికి తెలియజేయాలన్న నియమం ఉంది కనుక. మనోవిజ్ఞాన ప్రయోగాలకు అటువంటి నియమం లేదు. కాబట్టి మన సొరుగులలో ఏమున్నదో లెక్కపెట్టే అవకాశం కూడా లేకుండా పోయింది.

2011 నుంచి 2015 వరకు

2011లో కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డారిల్ బెమ్ ఒక ప్రసిద్ధ పత్రికలో తొమ్మిది ప్రయోగాలు ప్రచురించారు. జరగబోయే సంఘటనలు మనిషిని ముందుగానే ప్రభావితం చేస్తాయని, తొమ్మిదింటిలో ఎనిమిది సార్థక ఫలితాలిచ్చాయని ఆ వ్యాసం చెప్పింది. పద్ధతులు ఆ రోజుల్లో అందరూ వాడేవే. అక్కడే వచ్చింది చిక్కు: ఈ పద్ధతులతో భవిష్యత్ దర్శనం కూడా రుజువైతే, ఇవే పద్ధతులతో రుజువైన మిగతా విషయాల మాటేమిటి? మరో ముగ్గురు పరిశోధకులు వాటిలో ఒక ప్రయోగాన్ని మళ్ళీ చేసి, ఏమీ రాలేదని రాసి పంపితే, పునరావృత ప్రయోగాలను మేము వేయమని ఆ పత్రిక తిప్పి పంపింది. అది 2012లో వేరే పత్రికలో వచ్చింది.

అతీంద్రియ విషయాల పరిశోధన మన తెలుగువారికి మరీ దూరమైనదేమీ కాదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారి సారథ్యంలో మనోవిజ్ఞానంతోపాటు పారాసైకాలజీకి కూడా కలిపి ఒక విభాగం వెలిసింది. ఈ రంగాన్ని తేలికగా కొట్టిపారేసేవారికి ఒక విశేషం చెప్పాలి. అందరూ తమను అనుమానిస్తారని తెలిసినందువల్లనేమో, పారదర్శకత విషయంలో వీరు ముందే మేలుకున్నారు. 1970ల మధ్యలో మార్టిన్ జాన్సన్ అనే పారాసైకాలజిస్టు తన యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీలో ఒక పద్ధతి పెట్టారు. ప్రయోగం చేయకముందే ప్రణాళిక పంపండి. ప్రణాళిక బాగుంటే ఫలితం ఏదైనా వేస్తాం. ఆ పత్రికలో అలా ముందుగా నమోదైన వ్యాసాలను, నమోదు కాని వ్యాసాలను 2019లో పోల్చి చూస్తే, నమోదైన వాటిలో సార్థక ఫలితాల నిష్పత్తి బాగా తక్కువగా ఉంది. ప్రధాన స్రవంతి మనోవిజ్ఞానం ఆ పాఠం నేర్చుకోవడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది.

2015లో 270 మంది పరిశోధకులు కలిసి, 2008లో మూడు ప్రముఖ పత్రికలలో వచ్చిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి ఫలితాలు ప్రకటించారు. మొదటిసారి నూటికి 97 సార్థకం. రెండోసారి 36 మాత్రమే. ప్రభావాల పరిమాణం సగటున సగానికి పడిపోయింది. నిలవని ప్రతి అధ్యయనమూ అబద్ధమని దీని నుంచి తేల్చలేం. పునరావృత ప్రయోగాలలో కూడా లోపాలుంటాయని, దేశమూ భాషా మారితే ఫలితం మారవచ్చునని విమర్శకులు అన్నారు, అందులో న్యాయముంది. కాని ఆ వాదన చేయాలన్నా మొదటి ప్రయోగం సరిగ్గా ఎలా జరిగిందో, ఏ ప్రశ్నలు ఏ వరుసలో అడిగారో అందరికీ అందుబాటులో ఉండాలి కదా!

ఫలితాన్ని బట్టి కాక, ప్రశ్నను బట్టి

ఈ సంస్కరణలన్నింటిలో నాకు అన్నింటికంటే బలమైనదిగా కనిపించేది నమోదిత నివేదిక, అంటే రిజిస్టర్డ్ రిపోర్ట్. 2013లో కార్టెక్స్ అనే పత్రికలో క్రిస్ చాంబర్స్ దీన్ని ప్రవేశపెట్టారు. పరిశోధకుడు వ్యాసం మొదటి సగమే రాసి పంపుతాడు: ప్రశ్న, దాని నేపథ్యం, పద్ధతి, విశ్లేషణ ప్రణాళిక. సమీక్షకులు అప్పుడే లోపాలు చెబుతారు. దిద్దుకున్నాక పత్రిక మాట ఇస్తుంది, ప్రణాళిక ప్రకారం చేస్తే ఫలితం ఎటు వచ్చినా అచ్చు వేస్తామని. ఆ తరువాతనే ప్రయోగం. మామూలు పద్ధతిలో సమీక్షకుడు ప్రయోగం అయిపోయాక లోపాలు చెబుతాడు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఇల్లు కట్టాక పునాది చూపించడం లాంటిది అది.

2021లో ఆన్ షీల్, ఆమె సహచరులు రెండు రకాల వ్యాసాలను పోల్చారు. మామూలుగా ప్రచురితమైన 152 వ్యాసాలలో మొదటి పరికల్పన నెగ్గినవి 96 శాతం. 71 నమోదిత నివేదికలలో 44 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీయే సొరుగు. ఇప్పుడు 300కు పైగా పత్రికలు ఈ రకం వ్యాసాలను తీసుకుంటున్నాయి.

దత్తాంశాలను చూపించడం

2004లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పత్రికలలో వచ్చిన 141 వ్యాసాల రచయితలను యెల్టె విచర్ట్స్ బృందం అసలు దత్తాంశాలు పంపమని కోరింది. అడిగితే ఇస్తామని వారంతా పత్రికకు సంతకం చేసి ఇచ్చినవారే. ఆరు నెలలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినా 73 శాతం మంది ఇవ్వలేదు. చాలామందిది దురుద్దేశం కాకపోవచ్చు. పాత కంప్యూటర్, వెళ్ళిపోయిన విద్యార్థి, ఏ నిలువు వరుస ఏమిటో గుర్తులేకపోవడం. అందుకే అడిగాక ఇవ్వడం కాక, ప్రచురణతో పాటే బహిరంగంగా ఉంచడం మేలని తేలింది. 2014 నుంచి సైకలాజికల్ సైన్స్ పత్రిక, దత్తాంశాలు అందుబాటులో పెట్టిన వ్యాసాలకు ఒక చిన్న గుర్తు ముద్రించడం మొదలుపెట్టింది. అంతకుముందు 3 శాతం కూడా లేని అలవాటు 2015 తొలి సగానికి 39 శాతానికి పెరిగింది. పండితులు కూడా ఒక చిన్న బొమ్మకు లొంగుతారన్నమాట.

బహిరంగపరచడం వల్ల ఏమవుతుందో చూడాలంటే ఒక కథ చాలు. దరఖాస్తు ఫారంలో సంతకం చివర కాకుండా మొదట్లోనే పెట్టిస్తే జనం నిజం చెబుతారని 2012లో ఒక వ్యాసం వచ్చింది. అందులో ఒక భాగం కారు బీమా ఖాతాదారులు తమ కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో స్వయంగా చెప్పిన అంకెల మీద ఆధారపడింది. ఎనిమిదేళ్ళ తరువాత, 2020లో, ఆ రచయితలే మరికొందరితో కలిసి ఫలితం మళ్ళీ రాలేదని ప్రకటిస్తూ పాత దత్తాంశాలను కూడా అందరికీ అందుబాటులో పెట్టారు. 2021లో వాటిని తెరిచి చూసినవారికి వింతలు కనిపించాయి. కార్లు తిరిగిన దూరం సున్నా నుంచి 50,000 మైళ్ళ వరకు ప్రతి అంతరంలోనూ దాదాపు సమానంగా ఉంది, 50,000 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. మనుషులు నోటితో చెప్పే అంకెలు వేలలోకో వందలలోకో కుదించుకుని ఉంటాయి. ఇక్కడ అలా లేవు. పట్టికలో సగం అంకెలు ఒక అక్షర శైలిలో, సగం మరో శైలిలో ఉన్నాయి. అంకెలు కల్పితమని తేలి వ్యాసం ఉపసంహరణకు గురైంది. ఎవరు కల్పించారన్నది మన చర్చకు అవసరం లేదు. ఎనిమిదేళ్ళపాటు ఆ పట్టిక మూసి ఉన్నంతకాలం ఎవరికీ అనుమానం రాలేదన్నది ముఖ్యం.

పారదర్శకత పేరు పెట్టుకున్నంత మాత్రాన పారదర్శకత రాదు. ఈ సంస్కరణలకు ముందు నిలిచినవారే కొందరు 2023లో, మంచి పద్ధతులు పాటిస్తే ఫలితాలు చాలావరకు మళ్ళీ వస్తాయని ఒక ప్రముఖ పత్రికలో రాశారు. 2024 సెప్టెంబరులో ఆ వ్యాసమే ఉపసంహరణకు గురైంది. ఆ అధ్యయనం మొదట ఏ పరికల్పనల కోసం రూపొందిందో వ్యాసంలో సరిగా చెప్పలేదని, శీర్షికలోని వాదనకు ఆధారమైన కొలతలూ విశ్లేషణలూ ముందుగా నమోదు కాలేదని పత్రిక వివరించింది. జోస్యుడి గోడ ఎవరి ఇంట్లోనైనా ఉండవచ్చు. నమోదు పత్రాన్ని, అచ్చయిన వ్యాసాన్ని పక్కపక్కన పెట్టి చదివేవారు ఉన్నారు కనుకనే అది బయటపడింది.

మన దేశంలో, మీ చేతిలో

వైద్య ప్రయోగాల విషయంలో మన దేశం ఈ దారిలో కొంత దూరం నడిచింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా 2007 జూలైలో మొదలైంది. 2009 జూన్ నుంచి మందుల ప్రయోగాల నమోదు తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందు వచ్చిన దరఖాస్తులనే తీసుకుంటున్నారు. ప్రవర్తన చికిత్స, యోగ, కౌన్సెలింగ్ వంటి వాటి ప్రభావాన్ని పరీక్షించేవారు కూడా ఇక్కడ నమోదు చేసుకోవచ్చు. ఇక విశ్వవిద్యాలయ అనుదాన సంఘం 2009 నియమావళి వల్ల పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో చేరుతున్నాయి; ఇప్పుడవి ఐదు లక్షలకు పైగా ఉన్నాయి. పత్రికలు తీసుకోని శూన్య ఫలితాలు సిద్ధాంత గ్రంథాల అధ్యాయాలలో మిగిలి ఉంటాయి. ఒక అంశం మీద సమీక్ష రాసేవారు పత్రికలతో ఆగకుండా అక్కడ కూడా వెతకాలి. అయితే శోధ్‌గంగలో దొరికేది గ్రంథం. దాని వెనుక ఉన్న దత్తాంశాలు కావు.

ఎం.ఏ. ప్రాజెక్టు చేస్తున్నవారిలో ఈ పుస్తకం చదివేవారు చాలామంది ఉంటారు. చివరి నెలలో మీరు వినే మాట ఒకటుంది: 'ఫలితం రాలేదు, ఇంకో నలభై మందిని తీసుకో', లేదా 'ఆడపిల్లలను వేరుగా చూడు, ఏమైనా వస్తుందేమో'. చెప్పేవారు మీ మేలు కోరే చెబుతారు. ఆ ఒత్తిడి నుంచి మిమ్మల్నీ, వారినీ కూడా కాపాడేది ముందుగా రాసుకున్న ఒక కాగితం. ఒక ఉదాహరణ తీసుకుందాం. చదువుకునే బల్ల మీద సెల్‌ఫోన్ కనబడుతూ ఉంటే జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తగ్గుతాయా అన్నది మీ ప్రశ్న అనుకోండి.

మొదట ఎంతమంది? జట్టుకు ఇరవై మంది అని చాలామంది అలవాటుగా రాస్తారు. రెండు జట్ల మధ్య నిజంగానే అర ప్రామాణిక విచలనమంత తేడా ఉన్నా, జట్టుకు 20 మందితో దాన్ని పట్టుకునే అవకాశం మూడింట ఒక వంతే. 80 శాతం అవకాశం కావాలంటే జట్టుకు 64 మంది, మొత్తం 128 మంది కావాలి. ఇది చాలా ముఖ్యం. ఇరవై మందితో 'ఏమీ రాలేదు' అంటే ఏమీ లేదని కాదు, చూడలేకపోయామని. 64 మందితో 'ఏమీ రాలేదు' అంటే అందులో సమాచారం ఉంది. ఆ ఫలితాన్ని తలెత్తుకుని రాయవచ్చు. అంతమంది దొరకకపోతే రెండు మూడు కళాశాలల విద్యార్థులు కలిసి ఒకే పద్ధతితో చేయండి. పెన్ను ప్రయోగంలో 17 ప్రయోగశాలలు చేసింది అదే.

తరువాత, మార్కులు అంటే ఏ మార్కులు? ఇరవై పదాల జాబితా చూపించి ఐదు నిమిషాల తరువాత గుర్తున్నవి రాయమంటారా, మర్నాడు రాయమంటారా? రెండూ చేస్తే ఏది ప్రధానం? ఎవరి సమాధాన పత్రాలను తీసివేస్తారు? 'పరీక్ష మధ్యలో ఫోన్ మోగితే' అన్నది ముందే రాయదగిన కారణం. మార్కులు చూశాక తోచిన కారణం ఏదైనా ఈ జాబితాలోకి రాదు. ఆడ, మగ తేడా చూడాలనుకుంటే ఇప్పుడే రాయండి; తరువాత తోస్తే 'తరువాత తోచింది' అన్న శీర్షిక కింద రాయండి. ఈ కాగితాన్ని తేదీతో సహా మీ గైడుకు ఈమెయిల్ చేసినా చాలు. బహిరంగ వేదిక మీద పెడితే ఇంకా మంచిది.

చివరిగా, దత్తాంశాలను పంచుకుంటామని సమ్మతి పత్రంలోనే రాయాలి. ప్రయోజ్యుడికి చెప్పకుండా పంచుకునే హక్కు మనకు లేదు. పేరు తీసేస్తే సరిపోతుందని అనుకోవద్దు. ఒక చిన్న కళాశాలలో వయసు, కులం, సొంత ఊరు, తండ్రి వృత్తి ఒకే వరుసలో ఉంటే, ఆ అమ్మాయి ఎవరో ఆ ఊరిలో ఎవరైనా చెప్పగలరు. మీ ప్రశ్నకు అవసరం లేని వివరాలు అసలు అడగవద్దు. అవసరమై అడిగినవాటిలో ఊరికి బదులు జిల్లా, పుట్టిన తేదీకి బదులు నిండిన వయసు ఉంచండి. ప్రతి నిలువు వరుస దేనికి సంకేతమో వేరే కాగితం మీద రాసి జతచేయండి: '1' అంటే ఫోన్ బల్ల మీద ఉన్న జట్టు, '2' అంటే ఫోన్ వేరే గదిలో ఉన్న జట్టు. మూడేళ్ళ తరువాత ఆ పట్టికను తెరిచేది ఎక్కడో ఉన్న మరో విద్యార్థి కావచ్చు, మీరే కావచ్చు. ఏ అంకె ఏమిటో అప్పటికి మీకు కూడా గుర్తుండదు.